ఈసారి మూడో నంబరు జెర్సీని కూడా చూడండి: రగ్బీ అభిమానులకు బహిరంగ లేఖ

తోటి రగ్బీ అభిమానులకు నమస్కారం.

ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్), స్ప్రింగ్‌బాక్స్ (దక్షిణాఫ్రికా) మళ్ళీ తలపడబోతున్నారంటే చాలు, మనకు నిద్ర పట్టదు. కోచ్ జట్టును ప్రకటించకముందే మనం ప్రకటించేస్తాం. ఆట నడిపించే పదో నంబరు (ఫ్లై-హాఫ్) ఎవరికివ్వాలి, అందరికంటే వెనక ఫుల్‌బ్యాక్‌గా ఎవరుండాలి, బెంచ్ మీద ఫార్వర్డ్‌లు (ముందుండి తోసే బరువైన ఆటగాళ్లు) ఐదుగురా, ఆరుగురా, ఏడుగురా అని గంటల తరబడి వాదించుకుంటాం. ఆ వాదనల్లో నేనూ ఉన్నాను, ఇకముందూ ఉంటాను. మీలో ఒకడిగానే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ మధ్య మన మాటలు వింటుంటే ఒక విషయం మనసులో గుచ్చుకుంటోంది. నైపుణ్యం అనగానే మనకు గుర్తొచ్చేది బంతి చేతిలో ఉన్నవాడే. ఎవరి సైడ్‌స్టెప్ (పక్కకు అడుగేసి తప్పించుకోవడం) ఎంత పదునుగా ఉంది, ఎవరు ఎంత దూరం నుంచి పెనాల్టీ (ఎదుటి జట్టు తప్పుకు దొరికే మూడు పాయింట్ల కిక్) కొట్టారు, ఎవరి ఖాతాలో ఎన్ని ట్రైలున్నాయి (ఎదుటివాళ్ల గోల్ లైను దాటి బంతిని నేలకు ఆనించడమే ట్రై), అంతే. అర నిమిషం వీడియో చూసి 'ప్రపంచంలో ఇతన్ని మించినవాడు లేడు' అంటాం. మరో అర నిమిషం వీడియో చూసి 'ఇతను ఈ స్థాయికి పనికిరాడు' అంటాం. ఒక్కో జట్టులో పదిహేను మంది, ఆట ఎనభై నిమిషాలు, బంతి ఒక్కటే. లెక్క వేసి చూడండి, ఒక ఆటగాడి చేతిలో బంతి ఉండేది ఎంతసేపు? మిగతా సమయమంతా అతను పడే కష్టం మన లెక్కలోకే రావడం లేదు. నా బాధ అదే.

2023 ప్రపంచకప్ ఫైనల్ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. అక్టోబరు 28, స్టాడ్ డి ఫ్రాన్స్, దక్షిణాఫ్రికా 12, న్యూజిలాండ్ 11. దక్షిణాఫ్రికా పాయింట్లన్నీ హాండ్రె పొలార్డ్ కొట్టిన నాలుగు పెనాల్టీల నుంచే వచ్చాయి. స్కోరుకార్డు మాత్రమే చూసినవాడికి ఆ మ్యాచ్ గెలిపించింది పొలార్డ్ ఒక్కడే అనిపిస్తుంది. కానీ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఎవరు? పీటర్-స్టెఫ్ డు టాయ్. ఒక్క పాయింటు కూడా సాధించలేదు. చేసినవి 28 ట్యాకిళ్లు, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడాలు.

ఆ రికార్డింగ్ మొన్న మళ్ళీ పెట్టుకున్నాను. ఈసారి బంతి ఎటు పోయినా పట్టించుకోకుండా ఏడో నంబరు జెర్సీ మీదే కళ్ళు పెట్టాను. కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి మధ్యమధ్యలో అతను కనపడడు, అయినా కనపడినంతలోనే చాలా అర్థమైంది. ట్యాకిల్ చేసి కింద పడతాడు. పడ్డవాడు అక్కడే ఉండిపోడు, చెయ్యి నేలకు ఆనించి లేచేస్తాడు. లేస్తూనే తలతిప్పి లైనులో తన చోటు చూసుకుంటాడు, పక్కవాడికి చేత్తో ఏదో చూపిస్తాడు, మళ్ళీ ముందుకు కదులుతాడు. ఎదుటివాడు పాస్ అందుకునే సరికి ఇతను వాడి మీద ఉంటాడు. ఇదంతా ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఎనభై నిమిషాలపాటు ఇంతే. అందులో ఏ ఒక్కటీ వీడియో ముక్కగా కత్తిరించి చూపించేంత అందమైనది కాదు. అన్నీ కలిస్తే ఒక ప్రపంచకప్.

స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్‌లు బిగిసి నిలబడి బంతి కోసం తోసుకోవడం) సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మనలో చాలామంది ఫోన్ చేతిలోకి తీసుకునేది సరిగ్గా అప్పుడే. రెఫరీ క్రౌచ్ (వంగండి) అంటాడు, బైండ్ (పట్టుకోండి) అంటాడు, సెట్ (కలవండి) అంటాడు. ఆ చివరి మాటకు అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది ఢీకొంటారు. అంతర్జాతీయ జట్లలో ఒక్కో వైపు బరువు సుమారు 900 కిలోలు. ముందు వరుసలో (ఫ్రంట్ రో) ఇద్దరు ప్రాప్‌లు, వాళ్ల మధ్య హుకర్ ఉంటారు. ఒకటో నంబరు లూస్‌హెడ్ ప్రాప్‌కి ఒక భుజం బయటికి ఉంటుంది. మూడో నంబరు టైట్‌హెడ్ ప్రాప్‌కి ఆ వెసులుబాటు కూడా లేదు. అతని తల ఎదుటి జట్టు ప్రాప్‌కీ హుకర్‌కీ మధ్య ఇరుక్కుపోతుంది, బరువు రెండు భుజాల మీదా పడుతుంది. వెనక నుంచి సొంత జట్టువాళ్లు తోస్తుంటారు, ముందు నుంచి ఎదుటివాళ్లు తోస్తుంటారు. ఎదుటి జట్టు లూస్‌హెడ్ అతని ఛాతీ కిందికి దూరి పైకి లేపాలని చూస్తుంటాడు. ఇంత ఒత్తిడిలోనూ వెన్ను వంగకూడదు, పాదం జారకూడదు, పట్టు వదలకూడదు. ఏ ఒక్కటి తప్పినా రెఫరీ చెయ్యి లేస్తుంది, ఎదుటి జట్టుకు పెనాల్టీ.

ఆ పెనాల్టీ విలువెంతో దక్షిణాఫ్రికాతో ఆడిన 2023 సెమీఫైనల్లో ఇంగ్లండ్‌కి తెలిసొచ్చింది. చివరి పదిహేను నిమిషాల్లో అడుగుపెట్టేటప్పుడు 15-6 ఆధిక్యంలో ఉన్నారు. ఆర్‌జీ స్నైమన్ ట్రైతో, పొలార్డ్ కన్వర్షన్‌తో (ట్రై తర్వాత దొరికే రెండు పాయింట్ల కిక్) తేడా రెండు పాయింట్లకు తగ్గింది. ఆ తర్వాత ఒక స్క్రమ్. బెంచ్ మీద నుంచి వచ్చిన ఆక్స్ న్చె అనే లూస్‌హెడ్ ప్రాప్ ఇంగ్లండ్ ఫ్రంట్ రోను వెనక్కి నెట్టాడు. పెనాల్టీ వచ్చింది, దాదాపు సగం మైదానం దూరం నుంచి పొలార్డ్ కొట్టాడు. 16-15. మనం ఎన్నిసార్లు చెప్పుకున్నా పొలార్డ్ కిక్ గురించే చెప్పుకుంటాం. ఆ కిక్ గొప్పదే, నేను కాదనను. అయితే న్చె భుజం గెలవకపోతే పొలార్డ్‌కి టీ (బంతిని నిలబెట్టే చిన్న పీట) మీద పెట్టుకోవడానికి బంతే ఉండేది కాదు కదా.

దానికి ముందువారం ఫ్రాన్స్‌తో దక్షిణాఫ్రికా క్వార్టర్‌ఫైనల్. డామియన్ విల్లెమ్సె తన సొంత 22 మీటర్ల గీత లోపల బంతిని గాల్లో పట్టి మార్క్ (అలా పట్టినవాడికి దొరికే ఫ్రీ కిక్) అడిగాడు. అక్కడ ఎవరైనా బంతిని దూరంగా తన్ని ఊపిరి పీల్చుకుంటారు. అతను స్క్రమ్ కావాలన్నాడు! సొంత గోల్ లైనుకు అంత దగ్గరలో. తన జట్టు ప్రాప్‌ల మీద ఒక ఫుల్‌బ్యాక్‌కి ఎంత నమ్మకం ఉంటే అలా అడుగుతాడో ఆలోచించండి. 2024లో ఆట నియమాలు చూసే వరల్డ్ రగ్బీ సంస్థ ఫ్రీ కిక్‌కి బదులు స్క్రమ్ కోరుకునే వీలునే తీసేసింది, కాబట్టి అలాంటి దృశ్యం ఇక చూడలేం. నాకైతే వ్యక్తిగతంగా అది కాస్త వెలితిగానే ఉంది.

అదే మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా వింగర్ (అంచున పరుగెత్తే ఆటగాడు) చెస్లిన్ కోల్బె చేసింది కూడా గుర్తు చేసుకోండి. ఫ్రాన్స్ ఆటగాడు తొమా రామోస్ కన్వర్షన్ కొట్టబోతున్నాడు. కిక్కర్ కదలడం మొదలుపెట్టేదాకా ఎదుటి జట్టు గోల్ లైను వెనకే ఉండాలి. మామూలుగా ఒకరిద్దరు మొక్కుబడిగా పరుగెత్తుతారు, అంతే. కోల్బె మాత్రం రామోస్ పాదం కదిలిన క్షణమే దూసుకెళ్ళి బంతిని చేత్తో అడ్డుకున్నాడు. ఫ్రాన్స్‌కి పోయినవి రెండు పాయింట్లు. మ్యాచ్ దక్షిణాఫ్రికా 29-28తో గెలిచింది. కోల్బె సైడ్‌స్టెప్ గురించి పేజీలకు పేజీలు రాయగలం. కానీ ఆ రోజు అతని అసలు నైపుణ్యం ఓపిక, కిక్కర్ కాళ్ళను చదవగలగడం.

హుకర్ల గురించి ఒక మాట. 2025లో ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన మాల్కమ్ మార్క్స్ హుకర్. స్క్రమ్‌లో మధ్యలో ఉండి కాలితో బంతి లాగాలి, రక్‌లో (నేల మీది బంతి కోసం తోసుకునే గుంపు) వంగి ఎదుటివాడి బంతి కొల్లగొట్టాలి, ఇవి కాక లైనౌట్ త్రో (బంతి పక్క గీత దాటాక రెండు జట్ల వరుసల మధ్యకు విసరడం). బరువైన పనంతా చేసి, చేతులు వణుకుతుండగా, టచ్‌లైను దగ్గర నిలబడి బంతి తుడుచుకుని, సంకేతం విని, గాల్లోకి లేచే మనిషి చేతులు ఎక్కడికి చేరతాయో అక్కడికి తిన్నగా విసరాలి. ఎదుటివాళ్లు కూడా బంతి కోసం లేచినప్పుడు కాస్త పక్కకు పోతే త్రో తిన్నగా లేదని బంతి ఎదుటివాళ్లకు ఇచ్చేస్తారు. కాస్త ముందుగా విసిరితే ఎగిరేవాడు ఇంకా నేల మీదే ఉంటాడు. 2023 ఫైనల్లో దక్షిణాఫ్రికా హుకర్ బోంగి ఎంబొనాంబి మొదటి నిమిషాల్లోనే గాయపడి వెళ్ళిపోయాడు. మార్క్స్ అప్పటికే గాయంతో టోర్నీకి దూరమయ్యాడు. ప్రధానంగా ఫ్లాంకర్‌గా (స్క్రమ్ అంచున ఉండే ఫార్వర్డ్) ఆడే డియాన్ ఫూరీ, 37 ఏళ్ల వయసులో, ప్రపంచకప్ ఫైనల్లో దాదాపు మ్యాచ్ మొత్తం హుకర్‌గా ఆడాడు. కొన్ని లైనౌట్లు పోయాయి, నిజమే. కానీ స్క్రమ్ నిలబడింది. ఫూరీ పేరు మన చర్చల్లో నేను ఒకటి రెండుసార్లకు మించి చూడలేదు.

ఆల్ బ్లాక్స్ వింగర్ జోనా లోము విషయంలో కూడా మన జ్ఞాపకం ఒకవైపే ఉండిపోయింది. 1995 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్ మీద అతను కొట్టిన నాలుగు ట్రైలు అందరం చూశాం. తర్వాతి వారం ఎల్లిస్ పార్క్‌లో దక్షిణాఫ్రికాతో ఫైనల్, ఒక్క ట్రై కూడా లేదు, ఎవరికీ లేదు. అదనపు సమయంలో జోయెల్ స్ట్రాన్స్కీ డ్రాప్ గోల్‌తో (చేతిలోని బంతిని నేలకు తాకించి తన్నే గోల్) దక్షిణాఫ్రికా 15-12తో గెలిచింది. లోము తన కెరీర్ మొత్తంలో దక్షిణాఫ్రికా మీద ఒక్క టెస్టు ట్రై కూడా సాధించలేకపోయాడు. అంతటి మనిషిని ఆపడం నైపుణ్యం కాకపోతే మరేమిటి? దక్షిణాఫ్రికా ఆటగాడు యోస్ట్ వాన్ డెర్ వెస్ట్‌హైజెన్ ఒక స్క్రమ్-హాఫ్ (స్క్రమ్ నుంచి బంతి తీసి అందించేవాడు). తనకంటే ఎంతో బరువైన లోముని అతను ఎదురుగా పట్టి పడేసిన ట్యాకిల్‌ను స్లో మోషన్‌లో చూడండి. తల ఎక్కడ పెట్టాడు, చేతులు ఎలా చుట్టాడు, ఆ తర్వాత ఎంత గట్టిగా పట్టుకున్నాడు, అన్నీ తెలుస్తాయి.

ఇక మన తీర్పుల సంగతి. 2025 సెప్టెంబరు 6న ఈడెన్ పార్క్‌లో ఆల్ బ్లాక్స్ 24-17తో గెలిచారు. 1994 నుంచి ఆ మైదానంలో వాళ్ళు ఓడిపోలేదు. 'స్ప్రింగ్‌బాక్స్ పని అయిపోయింది, వయసు మీదపడింది' అన్నవాళ్ళు మనలో ఎంతమందో. సరిగ్గా ఏడు రోజుల తర్వాత వెల్లింగ్టన్‌లో స్ప్రింగ్‌బాక్స్ 43-10తో గెలిచారు. విరామ సమయానికి వెనకబడి ఉన్న జట్టు, రెండో సగంలో 36 పాయింట్లు సాధించి ఒక్కటీ ఇవ్వలేదు. ఆల్ బ్లాక్స్ చరిత్రలోనే అంత పెద్ద ఓటమి లేదు. వెంటనే మన మాట తిరగబడింది. 'ఆల్ బ్లాక్స్ పని అయిపోయింది.' వారం రోజుల్లో ఎవరి నైపుణ్యమూ మాయమైపోదు, ఎవరికీ కొత్తగా పుట్టుకొచ్చేదీ ఉండదు. రక్ దగ్గర ఎవరు ముందు చేరుకున్నారు, పైనుంచి పడే బంతి ఎవరి చేతుల్లోకి వచ్చింది, బెంచ్ మీద నుంచి వచ్చినవాళ్లు ఎంత తాజాగా ఉన్నారు, ఇవి మారాయి. మనం ఆ మార్పుల గురించి మాట్లాడుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఇదంతా మాటల వరకే ఉంటే నేను ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ని కాదు. ఆల్ బ్లాక్స్ ఫ్లై-హాఫ్ స్టీఫెన్ డోనల్డ్ కథ మీలో పాతవాళ్లకు తెలుసు, కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. 2010 అక్టోబరులో హాంకాంగ్‌లో ఆస్ట్రేలియాతో మ్యాచ్. ఆల్ బ్లాక్స్ 24-19తో ముందున్నారు, సమయం అయిపోవస్తోంది. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన డోనల్డ్ తన్నిన బంతి పక్కనున్న టచ్‌లైను దాటలేదు. ఆస్ట్రేలియా దాన్ని అందుకుని తిరుగుదాడి చేసింది, జేమ్స్ ఓ'కానర్ ట్రై సాధించి, కన్వర్షన్ కూడా తనే కొట్టాడు. 26-24. ఆ ఒక్క కిక్‌కి డోనల్డ్‌ను అభిమానులు ఎన్ని మాటలన్నారో లెక్కలేదు. మరుసటి ఏడాది సొంత గడ్డ మీద ప్రపంచకప్ జట్టులో అతనికి చోటు దక్కలేదు.

టోర్నీ మొదలయ్యాక జట్టు ప్రధాన ఫ్లై-హాఫ్ డాన్ కార్టర్ గాయపడ్డాడు. క్వార్టర్‌ఫైనల్లో అతని బదులు ఆడుతున్న కాలిన్ స్లేడ్ గాయపడ్డాడు. డోనల్డ్‌కి పిలుపు వచ్చింది. ఆ సమయంలో అతను వాయికాటో నది దగ్గర చేపలు పట్టుకుంటున్నాడు. ఫైనల్లో మొదటి సగం ముగియకముందే ఆరన్ క్రూడెన్ కూడా మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. డోనల్డ్ మైదానంలోకి వచ్చాడు, జెర్సీ కూడా అతనికి బిగుతే. 46వ నిమిషంలో పెనాల్టీ వచ్చింది. అప్పటికే పిరి వీపూ కొట్టిన కిక్‌లు మూడు తప్పిపోయాయి. డోనల్డ్ బంతి పెట్టుకుని కొట్టాడు, పోల్స్ మధ్య నుంచి వెళ్ళింది. న్యూజిలాండ్ 8, ఫ్రాన్స్ 7. 24 ఏళ్ల తర్వాత వాళ్లకు కప్పు. ఇంతకీ ఆ మ్యాచ్‌లో న్యూజిలాండ్ సాధించిన ఒకే ఒక్క ట్రై టోనీ వుడ్‌కాక్‌ది. అతను ఒక ప్రాప్. లైనౌట్‌లో వెనక వైపు గాల్లోకి లేచిన జెరోమ్ కైనో బంతిని కిందికి జారవిడిస్తే, మధ్యలో తెరుచుకున్న సందులోంచి వుడ్‌కాక్ దూసుకెళ్ళాడు. లేచినవాడు, లేపినవాళ్లు, ఎదుటివాళ్లను మాయచేసినవాళ్లు, అందరి పనీ ఆ సందులో ఉంది.

డోనల్డ్ హాంకాంగ్‌లో ఏ మనిషో, ఆక్లాండ్‌లో జరిగిన ఆ ఫైనల్లోనూ అదే మనిషి. ఏడాదిపాటు అతన్ని పనికిరానివాడన్న నోళ్ళే ఆ రాత్రి అతని పేరు అరిచాయి.

ఇది చదివి 'అదంతా పాత సంగతి' అనుకోవద్దు. 2023 ఫైనల్లో టీఎంఓగా (వీడియో చూసి రెఫరీకి సాయపడే అధికారి) ఉన్న టామ్ ఫోలీ, తనకీ తన కుటుంబానికీ వచ్చిన తిట్లు, బెదిరింపుల తర్వాత అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి తప్పుకున్నాడు. ఆ ఫైనల్ రెఫరీ వేన్ బార్న్స్ తన కుటుంబానికి వచ్చిన బెదిరింపుల గురించి బహిరంగంగా చెప్పాడు. ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్ అదే ఏడాది చివర్లో, తన, తన కుటుంబ మానసిక ఆరోగ్యం కోసం జాతీయ జట్టు నుంచి పక్కకు జరిగాడు. ఆ ఫైనల్లో ఆల్ బ్లాక్స్ ఆటగాడు రిచీ మొవుంగా కన్వర్షన్ తప్పాక, 73వ నిమిషంలో జోర్డీ బారెట్ దూరపు పెనాల్టీ తప్పాక నేను కూడా రాయకూడని మాటలు రాశాను. తెల్లారి చదువుకుంటే సిగ్గేసింది, తీసేశాను. పద్నాలుగు మందితో దాదాపు యాభై నిమిషాలు ఆడి, ఒక్క పాయింటు తేడాలోకి వచ్చిన జట్టు అది. ఆ యాభై నిమిషాల్లో వాళ్లు చేసినదాని గురించి ఒక్క వాక్యం కూడా నేను రాయలేదు. నాకు ఈ ఉత్తరం రాయాలనిపించడానికి మొదటి కారణం అదే.

కాబట్టి ఒక అభ్యర్థన. రాబోయే మ్యాచ్ గురించి గట్టిగా వాదించుకుందాం, టెన్షన్ పడదాం, మన జట్టు ఓడితే బాధపడదాం. కానీ ఫలానావాడు గొప్ప, ఫలానావాడు చెత్త అనే ముందు, బంతి లేనప్పుడు అతను ఏం చేశాడో ఒక్కటైనా చెప్పగలగాలి అని మనకు మనం నియమం పెట్టుకుందాం. ఫ్లై-హాఫ్ గురించి రాస్తే, అతని ట్యాకిల్ గురించీ రాయండి. వింగర్ గురించి రాస్తే, బాక్స్ కిక్ (స్క్రమ్-హాఫ్ ఎత్తుగా తన్నే బంతి) వెంట అతను ఎలా పరుగెత్తాడో, పక్కకు తిరిగి గాల్లోకి ఎలా లేచాడో రాయండి. 2024 నవంబరు నుంచి, బంతి అందుకునేవాడికి అడ్డుగోడలా నిలబడి కాపు కాసే ఆటగాళ్ల మీద రెఫరీలు కఠినంగా ఉంటున్నారు. అందుకే గాల్లో పోటీ ఇప్పుడు నిజంగా ఇద్దరి మధ్య పోటీ. ఈ రెండు జట్ల మ్యాచ్‌లో గెలుపోటములు చాలావరకు అక్కడే తేలుతాయని నా నమ్మకం. ట్రైల వీడియోల్లో అది కనపడదు, మొత్తం మ్యాచ్ చూసినవాళ్లకే కనపడుతుంది.

కిక్కర్ల విషయంలో మరీ మరీ అడుగుతున్నాను. కన్వర్షన్‌కి ఇప్పుడు అరవై సెకన్లే. ట్రై మూలన పడితే కిక్ కూడా ఆ మూల నుంచే. గుండె ఇంకా పరుగు వేగంతో కొట్టుకుంటుంటే, వేల మంది అరుస్తుంటే, స్క్రీన్ మీద సెకన్లు తగ్గుతుంటే అతను బంతిని నిలబెట్టుకోవాలి. అది తప్పితే, దయచేసి ఆ రాత్రి అతని పేజీకి వెళ్ళి ఏమీ రాయకండి. రాయాలనిపిస్తే మన మధ్యే రాయండి, తెల్లారాక రాయండి. అసిస్టెంట్ రెఫరీలకు, టీఎంఓకు కూడా ఇదే.

ఆ రోజు నేను మొదటి ఇరవై నిమిషాలు ఆల్ బ్లాక్స్ మూడో నంబరునే చూస్తాను. ఆ తర్వాత ఇరవై నిమిషాలు స్ప్రింగ్‌బాక్స్ హుకర్‌ని. రెండో సగంలో ఎవరిని చూడాలో ఇంకా తేల్చుకోలేదు. మీరు ఎవరిని ఎంచుకుంటారో ముందే చెప్పండి, మ్యాచ్ అయ్యాక ఏం చూశారో రాయండి. నేను ఒక్కటి కూడా వదలకుండా చదువుతాను.

ఇట్లు,
మీ తోటి అభిమాని